దాటని మనిషి

కేన్సరు ఆసుపత్రిలో రోగులు దేన్నైనా నమ్ముతారు. జుట్టు రాలుతుందంటే నమ్ముతారు, నోట్లో పుళ్ళు లేస్తాయంటే నమ్ముతారు, మందు ఎక్కినన్నాళ్ళూ అన్నం సహించదంటే నమ్ముతారు. పడిపోతావు నాయనా, ఒంటరిగా మంచం దిగకు అంటే మాత్రం నవ్వుతారు. నడక రానివాడెవడండీ లోకంలో? బాత్రూము తలుపు అల్లంత దూరాన కనబడుతూనే ఉంటుంది. దానికోసం గంట నొక్కి, ఎవరో పరాయి పిల్ల వచ్చి రెక్క పట్టుకుని నడిపించుకుపోవాలా? సిగ్గు కాదూ! గోడలకి బొమ్మలు అంటించారు, టీవీలో వేసి చూపించారు, మైకులో చెప్పారు. అంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అందుకని కాకినాడలోని ఆ ఆసుపత్రిలో పడటం గురించి చెప్పడం మానేసి, పడటాన్నే ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఇచ్చే పని సత్యవేణిది.

"కళ్ళు మూసుకోండి మాస్టారూ. మంచం మీంచి అంగుళం కదలరు మీరు. భయమేస్తే నా చెయ్యి గట్టిగా పట్టుకోండి" అంది సత్యవేణి.

భీమశంకరం మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "ఎందుకమ్మా ఈ తతంగం, నాకు అర్థమైంది, గంట నొక్కుతాను" అంటూనే కళ్ళు మూసుకున్నారు. అంతకుముందు రోజు కూడా అలాగే అని, కుళాయి దగ్గర గోడ పట్టుకుని వేలాడుతూ దొరికారాయన.

సత్యవేణి ఆయన చెవి వెనక మెత్తటి పట్టీ అంటించి, చేతిలో ఉన్న మీట నొక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరవాత మాస్టారి మోకాలు అదిరిపడింది. రెండు చేతులూ దుప్పటిని గుప్పిళ్ళతో పట్టేశాయి. "అమ్మా!" అని కేక పెట్టారు. ఒళ్ళు పరుపు మీదే ఉంది, కానీ మనిషి పడిపోయాడు. నుదురంతా చెమట.

కాసేపు పైకప్పు చూశాక, "ఎవరమ్మా పడింది?" అన్నారు నీరసంగా.

"ఒక పేషెంటండి."

ఎవరడిగినా సత్యవేణి చెప్పేది అదే. ఆ పేషెంటు తన మొగుడని ఎవరితోనూ అనలేదు. నీళ్ళు తాగించి, పట్టీ తీసి పెట్టెలో పెట్టుకుని, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ సాయంత్రం మాస్టారు లేవబోతే, బుద్ధికి తోచకముందే చెయ్యి గంట మీదికి వెళ్ళింది. పాఠం ఎక్కడమంటే అదీ.

*

ఆ పట్టీ డాక్టర్ హైమది. ఆసుపత్రి వెనక, ఒకప్పుడు దుప్పట్లు ఉతికిన గదిలో ఆవిడ ప్రయోగశాల. ఇప్పటికీ తలుపు తీస్తే సబ్బు వాసన వస్తుంది. మనిషి ఎటు వాలుతున్నాడో ఒంటికి చెప్పేది లోపలి చెవి. ఆ చెవి నరం మాట్లాడే మాటని చాటుగా వినడానికి హైమ ఈ పట్టీ తయారుచేసింది. వినగా వినగా తేలిందేమిటంటే, ఆ భాష మనుషులందరికీ ఒక్కటే. ఒకడి చెవి చెప్పింది పట్టీతోనే వినిపిస్తే ఇంకొకడి చెవి నమ్మేస్తుంది. వాలడం, బిగియడం, ఊపిరి ఆగడం అన్నీ వచ్చేస్తాయి. చూపు రాదు, మాట రాదు, మనసులో ఏముందో రాదు. ఒట్టి ఒంటి సంగతే.

ఇంకో చిక్కు. ఏ పడటాన్నైనా చెవి ఒక్కసారే నమ్ముతుంది. రెండోసారి వినిపిస్తే, ఇది నాది కాదని గుర్తుపట్టి తోసేస్తుంది. ఆ ఒక్కసారికే కలిగిన భయం మాత్రం జన్మంతా ఉంటుంది.

మొదట్లో రోగుల నడక ఎలా తూలుతుందో చూద్దామని కొందరికి రాత్రీ పగలూ ఉండేలా పట్టీలు పెట్టారు. వాళ్ళలో ధర్మరాజు ఒకడు. కాకినాడ చుట్టుపక్కల పందిళ్ళ ధర్మరాజంటే తెలియనివారు లేరు. పెళ్ళైనా, జాతరైనా, మంత్రిగారి సభైనా పందిరి అతనిదే. వెదురు బొంగుల మీద పిల్లిలా నడిచే మనిషికి రక్తంలో కేన్సరు వచ్చింది.

"నా నడక చూసి నేర్చుకోండి డాక్టరమ్మా. బొంగు మీద నిలబడి తాటాకు కప్పినోణ్ణి, నేల మీద పడతానా? చెప్తే గాడిదలు నవ్వుతాయి" అనేవాడు పట్టీ పెట్టించుకుంటూ.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టెలో పడిందంట మావా. గొప్పలు ఆపు" అనేది సత్యవేణి. ధర్మరాజు ఆమెకి సొంత మేనమామ కొడుకు. చిన్నప్పట్నుంచీ మావా అనే పిలుపు.

దేనికీ భయపడని ఆ మనిషికి ఒక్క పట్టింపు ఉండేది. పడుకున్నవాళ్ళ మీంచి అడుగు వేసేవాడు కాదు. పందిరి కింద మధ్యాహ్నం పూట కూలీలు అడ్డదిడ్డంగా పడి నిద్రపోతుంటే, ఎర్రటెండలో పందిరంతా చుట్టి వచ్చేవాడే గానీ ఎవర్నీ దాటేవాడు కాదు. "మనిషిని దాటితే ఆళ్ళ ఆయుష్షు తరిగిపోద్దే" అనేవాడు. పెళ్ళైన కొత్తలో ఓసారి హడావుడిలో సత్యవేణి కాళ్ళ మీంచి దాటేసి, నాలిక కరుచుకుని, మళ్ళీ అదే కాలితో వెనక్కి దాటి దోషం తీసేశాడు. ఆమె నిద్ర నటిస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ పట్టింపు తెలుసు కాబట్టే ఆ రోజు అలా చేసింది.

పొద్దున్నే నర్సు వచ్చి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని చెప్పింది. ఇప్పుడు గానీ కిందపడి తలకి తగిలితే, బయట చుక్క కనబడకుండా లోపలే రక్తం పారుతుందంది. భోజనాలయ్యాక సత్యవేణి మొగుడి దగ్గర నిలబడింది.

"మావా, దిగాలంటే నన్ను లేపు. గంట నొక్కడానికి నామోషీ అయితే పోనీ, నన్ను లేపడానికేం?"

"కళ్ళు చూసుకున్నావా అద్దంలో? ఎప్పుడు పడుకున్నావో నీకైనా గుర్తుందా? పో, పడుకో."

"పడుకుంటాను. ఇదిగో, ఇక్కడే పడుకుంటాను." మంచానికి తను రోజూ వేసుకునే తలవైపు కాకుండా, అతను కాళ్ళు కిందపెట్టే వైపునే చాప పరిచింది. అటువైపే గంట, అటువైపే పట్టుకునే కమ్మీ. రెండోవైపు గోడ, సందులో సెలైను స్టాండు. "నన్ను దాటుకుని ఎలా ఎల్తావో నేనూ చూత్తాను."

ధర్మరాజు పగలబడి నవ్వాడు. "బాగా కట్టావే దడి!" అన్నాడు. ఆ నవ్వు వింటూనే సత్యవేణికి నిద్ర పట్టేసింది. ఎన్నో రాత్రుల నిద్ర అది. వార్డులో కారియర్ల మోత, ఎదురు మంచం వాళ్ళ టీవీ, ఏదీ వినబడలేదు.

లేచింది చప్పుడికి. మంచం మీద ఎవరూ లేరు. మంచానికి అవతల, గోడకీ మంచానికీ మధ్య సందులో, స్టాండు చక్రంలో కాలు ఇరుక్కుని ధర్మరాజు పడి ఉన్నాడు. "ఏం కాలేదే, ఏం కాలేదు, ఏడవకు" అన్నాడు. సాయంత్రానికి మాట ముద్దైంది. ఆ తరవాత మాటే లేదు.

*

ఏడవడం అయ్యాక సత్యవేణికి మిగిలింది కోపం. లేపితే ఏం పోయింది? కింద పడుకున్న పెళ్ళాన్ని ఒక్క పిలుపు పిలిస్తే మీసం ఊడిపోతుందా? నేను దడి కడితే, గోడవైపు నుంచి దొంగలా జారుకుని, చూశావా ఎలా ఎల్లొచ్చానో అని నన్ను గేలి చెయ్యాలనుకున్నాడు. పంతం. పంతానికి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. తద్దినం నాడు వండిన గారెలు కాకులకి పెడుతూ కూడా తిట్టింది అతన్ని.

డాక్టర్ హైమ చాన్నాళ్ళకి వచ్చింది. మొదలు నుంచీ చివరిదాకా పట్టీలో నిండుగా దొరికిన పడటం ధర్మరాజుదొక్కటే. దాన్ని పాఠంగా వాడుకుంటాం అని అడగలేక అడిగి, తనే ఏడ్చేసింది.

"తీసుకోండమ్మా. ఆయన పడి ఎవరికీ ఏం లాభం లేకుండా పోయింది. నలుగురికైనా బుద్ధొస్తే రానీండి" అంది సత్యవేణి. ఆపైన, "ఇచ్చే పనేదో నాకే ఇప్పించండి. అంగన్‌వాడీలో పిల్లలకి చెప్పిన నోరే ఇది" అంది.

"నువ్వూ ఒకసారి తీసుకో. నీకు హక్కుంది. కానీ ఒక్కసారే పనిచేస్తుంది, గుర్తుంచుకో."

"నాకెందుకండీ ఆయన పంతం?" అని తోసిపుచ్చింది సత్యవేణి. నిజానికి తీసుకుంటే అయిపోతుందని భయం. ఇంకా తీసుకోనిది ఏదో ఒకటి ఆయనది మిగిలి ఉండటం బాగుండేది. ఆ సంగతి తనకి తను కూడా చెప్పుకోలేదు.

అలా మొగుడి పడటాన్ని పెట్టెలో పెట్టుకుని మంచం మంచానికీ తిరిగింది. వార్డులో పడేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. పక్క జిల్లాల నుంచి డాక్టర్లు వచ్చి చూసి వెళ్ళారు. హైమకి దండలు వేశారు.

దండలు వాడకముందే భీమశంకరం మాస్టారి కూతురు వచ్చింది. సబ్బు వాసన గదిలో నిలబడి, గొంతు పెంచకుండా అడిగింది. "మా నాన్న ఇంటికొచ్చాక నడవడం మానేశారండీ. మంచం మీదే అన్నీ. కాలు కింద పెట్టమంటే చిన్నపిల్లాడిలా వణికిపోతున్నారు. కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి. కేన్సరు తగ్గిందన్నారు కదా, మరి మా నాన్నని మాకు ఎప్పుడిస్తారు?"

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక హైమ కుర్చీలో కూలబడింది. "తప్పు నాదే సత్యవేణీ. పాత యంత్రానికి చోటు చాలక మొదలు కోసేసి, కాలు చిక్కుకున్న దగ్గర్నుంచీ ఇచ్చాను. పడటం ఒక్కటే ఇస్తే ఒళ్ళు నిలబడటానికే భయపడుతుంది. లేవడం, ఎటు దిగుదామా అని చూడటం, ఆ ముందు సంగతంతా కలిపి ఇవ్వాలి. అప్పుడు ఒంటరిగా దిగడానికే భయపడతారు, నడకకి కాదు. కొత్త యంత్రంలో మొత్తం పడుతుంది."

"ఆ ముందు సంగతిలో ఏముందండీ?"

"తెలీదు. గీతల్లో చూస్తే అటూ ఇటూ ఏదో ఊగిసలాట. నేను పాత పాఠం ఎప్పుడో తీసుకున్నాను కదా, నా చెవి ఇక నమ్మదు."

*

కొత్త పాఠం మొదట తీసుకున్నది నూకరత్నం. జగన్నాథపురంలో కాజాల కొట్టు ఆమెది. రొమ్ము కేన్సరు ఎముకలకి పాకింది. మొగుడు సూరిబాబు కొట్టు మూసేసి, వచ్చి మంచం పక్కనే చాప వేసుకుని ఉంటున్నాడు. ఆ మధ్యాహ్నం అతను టీకి వెళ్ళాడు.

"పాకం చూసి చెప్పేదాన్ని తల్లీ నేను. నీ మిషను నాకేం చెప్పుద్దిలే" అంటూ నూకరత్నం కళ్ళు మూసుకుంది.

మాస్టారిలా వెంటనే కేక పెట్టలేదు. చాలాసేపు ఊరికే ఉంది. ముఖంలో ఏవో నీడలు. ఊపిరి బిగబట్టింది. కుడి చెయ్యి మంచం అంచు దాటి కిందికి కదిలి, ఆగింది. ఆ తరవాత ఎప్పటిలాగే మోకాలు అదిరిపడింది, కేక వచ్చింది.

తేరుకున్నాక నూకరత్నం అడిగినది, ఇన్నాళ్ళలో ఎవరూ అడగనిది. "కింద ఎవరమ్మా పడుకున్నది?"

"ఏంటండీ?"

"ఆ మనిషి ముందు ఇటేపే దిగబోయాడమ్మా. ఇలా ఒంగాడు, చెయ్యి కిందకి చాపాడు, ఎవరినో లేపడానికి. మా ఆయన్ని లేపాలంటే నేనూ ఇలాగే ఒంగుతాను. ఇదిగో, ఇంతలో ఆగిపోయాడు." నూకరత్నం తన అరచేతిని గాల్లో పెట్టి చూపించింది. "ఆ చెయ్యి అక్కడ ఎంతసేపు ఉందో! ఒణికిపోతా ఉంది. లేపలేకపోయాడు. తీసేసుకున్నాడు. తరవాత కాలు దించాడు. పాదం పెట్టడానికి చోటు లేదు. దాటితే దాటేయొచ్చు. దాటలేదమ్మా. ఆ కాలు పైకి తీసుకోడానికి ఎంత అవస్థ పడ్డాడో, ఊపిరి కూడా వదల్లేదు. అప్పుడు అటు తిరిగాడు."

సత్యవేణి లేచి నిలబడింది. పెట్టె కింద పడింది.

"పసిబిడ్డని నిద్రపుచ్చి పక్కలోంచి లేచినట్టు లేచాడు తల్లీ" అంటోంది నూకరత్నం. "ఎవరో గానీ, కింద పడుకున్నది అదృష్టవంతురాలు."

సత్యవేణి వరండాలోకి వెళ్ళి, మందుల గది వెనక గోడకి తల ఆనించి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పంతం కాదు. గేలి చెయ్యడానికి కాదు. మాట విన్నాడు. లేపమంటే లేపబోయాడు. చెయ్యి చాపాడు. ఇన్నాళ్ళూ తిట్టిపోసిందే, పిండం పెడుతూ కూడా తిట్టిందే!

*

"ఆలోచించుకో" అంది హైమ. "నీకు ఏ జబ్బూ లేదు. తీసుకుంటే ఆ భయం నీ ఒంట్లో ఉండిపోతుంది. రోజంతా నిలబడి పనిచేసే మనిషివి."

"పెట్టండమ్మా."

ఉతుకుల గదిలో బల్ల మీద పడుకుంది సత్యవేణి. కిటికీలోంచి ఎండ పాదాల మీద పడుతోంది. మీట నొక్కిన చప్పుడు వినబడింది.

ముందు ఒక బరువు. ఇంత బలహీనమా మావా? ఇంత బరువుగా ఉండేదా నీ తల నీకు? పందిళ్ళెక్కిన ఒళ్ళు, పక్కకి తిరగడానికే కూడబలుక్కుంటోంది. మోచేతి మీద లేచింది. ఆగింది. నడుము వంగింది, భుజం వాలింది, చెయ్యి కిందికి జారింది. అదిగో, ఆ చెయ్యి. తన మీదికి వచ్చిన చెయ్యి. ఇంకాస్త దించితే తన తల మీద ఉండేది. దించు మావా, తట్టు, ఒక్కసారి తట్టు అని సత్యవేణి లోపల్నుంచి అరిచింది. తను కింద ఉంది, తనే పైన ఉంది. చెయ్యి గాల్లోనే ఆగింది. మెల్లిగా వెనక్కి వచ్చింది.

కాలు దిగింది. గాల్లో ఆగింది. ముందుకి సాగితే దాటినట్టే, పట్టుకునే కమ్మీ కూడా అటే. ఊపిరి బిగిసింది. తొడ నరాలు తెగిపోతాయేమో అన్నట్టు లాగుతుంటే, కాలు పైకి లేచి, మంచం మీదికి వచ్చి, ఒళ్ళంతా గోడవైపు తిరిగింది. లేచి నిలబడింది. ఒక అడుగు. చక్రం. మోకాలు అదిరిపడింది. లోకం పక్కకి ఒరిగిపోయింది.

పడుతున్నప్పుడు కూడా బిగబట్టిన ఊపిరి వదల్లేదు. కేక పెట్టలేదు. ఇన్నాళ్ళూ పాఠం తీసుకున్న ప్రతివాళ్ళూ కేక పెట్టారు. అసలు పడినవాడే పెట్టలేదు. ఆమె నిద్ర చెడుతుందని.

కళ్ళు తెరిచింది సత్యవేణి. హైమ చేతిని పట్టుకుని లేచి కూర్చుంది.

"అయిపోయింది కదండీ. ఇంక నాకు మళ్ళీ రాదు" అంది.

"రాదు సత్యవేణీ."

"చాప తలవైపు వేసుకుని ఉంటే ఇటే దిగేవాడండీ. దడి కట్టింది నేనే."

బల్ల దిగబోతే కాళ్ళు కదలలేదు. చెయ్యి దానంతటదే పక్కకి చాచుకుని ఆసరా వెతికింది. అప్పట్నుంచీ ఎక్కడ లేవాలన్నా ఆమె చెయ్యి అలాగే ఒకసారి గాల్లోకి వెళ్తుంది.

*

మర్నాడు వార్డులోకి వెళ్ళేసరికి నూకరత్నం మేలుకుని, మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. బాత్రూముకి పోవాలని ముఖం బిగించుకుని ఉంది. కింద, సరిగ్గా ఆమె దిగే వైపు, సూరిబాబు చాప మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నూకరత్నం ఒకసారి మొగుణ్ణి చూసింది, ఒకసారి గోడవైపు చూసింది.

"అటు వద్దు!" సత్యవేణి పరుగున వచ్చి భుజం పట్టుకుంది.

"పాపం ఇందాకే కునుకు పట్టిందమ్మా" అంది నూకరత్నం గుసగుసగా. "ఎలా లేపను?"

"లేపండి. తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. లేపాలనిపించకపోతే, గంట ఇదిగో ఇటుంది, ఒంగి నొక్కండి. రేపట్నుంచీ ఆయన చాప తలవైపు వేయిస్తాను. అందరివీ వేయిస్తాను."

"ఇప్పుడెలా మరి? కాలు పెట్టడానికి చోటేదీ?"

"దాటండి. నేను పట్టుకుంటాను."

నూకరత్నం బిత్తరపోయింది. "కట్టుకున్నోణ్ణి దాటమంటావా తల్లీ! ఆయుష్షు తరిగిపోదూ?"

"తరగదండీ."

"నీకేం తెలుసు?"

సత్యవేణి చెయ్యి గాల్లోకి వెళ్ళి, నూకరత్నం మోచెయ్యి దొరికాక ఆగింది. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట అప్పుడంది.

"ఆ కింద పడుకున్నది నేనేనండి. మా ఆయన నన్ను దాటలేదు. చూడండి, నాకెంత ఆయుష్షు మిగిలిపోయిందో."